నాకు మిగిలినవి గుండీలు

"ఆ ఒక్క గుండీ నేను పెట్టేస్తే కొంప మునుగుతుందా అమ్మాయ్?" అంది అత్తగారు. ఆ పొద్దున ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు.

"మునగదు అత్తయ్యా. కానీ ఇవాళ ఒకటి మీరు పెడితే రేపు అన్నీ మీచేతే పెట్టించుకుంటుంది."

"పెట్టించుకోనీ. నేనేమన్నా జీతం అడిగానా?"

"దాని పని అది చేసుకోవాలనే కదా ఈ పాట్లన్నీ!"

"చేసుకుంటుందిలే. వీడు బడికి వెళ్లే వయసొచ్చినా నాచేతే నిక్కరు తొడిగించుకునేవాడు. ఇప్పుడు ఊళ్లో లిఫ్టులన్నీ వీడే బాగుచేస్తున్నాడు" అంటూ అత్తగారు కొడుకు వైపు గడ్డం ఎగరేసింది.

లిఫ్టుల మెకానిక్ అయిన ఆ కొడుకు గుమ్మం దగ్గర ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, నా నిక్కరు జోలికి రాకు. అసలే ఆలస్యమైంది. బంతీ, నాన్నకి టాటా చెప్పవా?"

బంతి టాటా చెప్పలేదు. హాలు మధ్యలో, చొక్కా సగం తెరుచుకుని, గోడ మీద పడ్డ ఎండ మరకను చూస్తూ నిలబడింది. బంతి అన్నది, పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని తాత పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు నాలుగేళ్లు నిండబోతున్నాయి. మెడ నిలపడం దగ్గర్నుంచి మాట దాకా ఆ పిల్లకి అన్నీ ఆలస్యమే. వేళ్లలో పట్టు తక్కువ. చేతికి జిగటగా ఏదన్నా తగిలితే ఒళ్లంతా ముడుచుకునేది. ఎదుగుదల వెనకబడింది, థెరపీ మొదలుపెట్టండి అని పిల్లల డాక్టరు చెప్పిన రోజునుంచీ ఆ ఇల్లు మునుపటి ఇల్లు కాకుండా పోయింది.

మార్చింది బంతి తల్లే. ఆమె అంతకుముందు ఒక ఇంజినీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసేది. కిటికీ ఎక్కడుంటే వెలుతురు ఎక్కడ పడుతుందో, తలుపు ఎటు తెరుచుకుంటే మంచం ఎటు పడుతుందో కాగితం మీదే చూడగలిగిన మనిషి. ఉద్యోగం మానేశాక అదే చూపుతో సొంత ఇంటిని మళ్లీ గీసింది. బొమ్మలు బంతికి కనపడే అరలో, కానీ చెయ్యందని ఎత్తులో పెట్టింది. నీళ్ల గ్లాసూ అంతే. అడిగితేనే ఇవ్వాలి. నోటితో కాకపోతే కనీసం వేలితో చూపించాలి. అరటిపండు సగం తొక్కే ఒలిచివ్వాలి, మిగతా సగం బంతి ఒలుచుకోవాలి. బట్టలారేసే క్లిప్పులు అట్టముక్క అంచున తగిలించాలి. స్నానానికి ముందు స్పాంజి పిండాలి. గుండీలు తనే పెట్టుకోవాలి.

"ఇది ఇల్లా, చెక్‌పోస్టా?" అనేవారు మామగారు. ఆయన ఆ చెక్‌పోస్టులో దొంగసరుకు నడిపే మనిషి. జేబులో బిస్కెట్ పెట్టుకుని మనవరాల్ని మేడ మీదకి తీసుకెళ్లేవారు. దిగొచ్చేటప్పుడు ఇద్దరి మూతులకీ పొడి అంటుకునుండేది.

"రా అమ్మా, ఇదిగో ఇలా పట్టుకుని..." అంటూ తల్లి బంతి కుడిచేతి కోసం చెయ్యి చాపింది.

బంతి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంది.

కొన్నాళ్లుగా ఇదే. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, బంతికి కొత్తగా ఈ లక్షణం మొదలైంది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి చేతులు వెనక్కి పోతాయి. ముఖం పక్కకి తిరిగిపోతుంది. ఆమె రాత్రుళ్లు ఫోన్లో వెతికింది. వెతికిన కొద్దీ ఒకదాన్ని మించి ఇంకొకటి భయంకరమైన పేర్లు కనపడ్డాయి. వచ్చిన కాస్త నేర్పూ పోగొట్టుకుని పిల్లలు వెనక్కి వెళ్లిపోతారని ఒకచోట చదివి ఫోను బోర్లించేసింది.

"మళ్లీ మొదలుపెట్టింది, చూశావా?" అంది భర్తతో, నెమ్మదిగా.

"ఇవాళ థెరపీ ఉందిగా, అడుగు" అంటూ అతను రెండో బూటు వేసుకుని, వచ్చి బంతిని అమాంతం భుజాల మీదకి ఎత్తుకుని హాలంతా ఒక చుట్టు తిప్పాడు. బంతి కిలకిలా నవ్వి అతని జుట్టు రెండు చేతులా పట్టుకుంది. దించి వెళ్లిపోయాడు.

"నేనూ వస్తాను ఇవాళ" అంది అత్తగారు. "ఆ ఆటల టీచరమ్మనే అడుగుతాను, ఒక గుండీకి ఇంత రాద్ధాంతం ఏమిటని."

*

థెరపీ సెంటరు ఒక పాత కళ్లద్దాల దుకాణం పైన ఉంది. మెట్లెక్కగానే ఒక బల్ల. అక్కడ ఎప్పుడూ నలుగురైదుగురు తల్లులు కూర్చుని ఉంటారు. ఒకరి పిల్లని ఒకరు చూడనట్టు చూస్తూ, మనసులోనే బేరీజు వేసుకుంటూ. మొదట్లో ఆ బల్ల మీదే ఒక తల్లి ఆమెతో అంది: "ఐదేళ్లలోపు చేసిందే చేసిందమ్మా. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా ఇంతే." ఆవిడ మంచికే చెప్పింది. మర్నాటి నుంచి రావడం మానేసింది కూడా. మాట మాత్రం ఈమె ఇంటికొచ్చి తిష్ట వేసింది.

అది ఉన్నచోట ఇంకేదీ ఇమడదు. బంతి కిటికీలో కూర్చుని వాన చూస్తుంటే, ఈ టైములో క్లిప్పులు పెట్టించొచ్చు కదా అంటుంది. బంతి నిద్రపోతుంటే, ఇంకాస్త ముందు లేపితే చెంచా పట్టు చేయించొచ్చు కదా అంటుంది. ఆమె కాసేపు సోఫాలో వాలితే చాలు, రేపు ఈ పిల్ల బతుకేమిటి అని నిలదీస్తుంది. ఎటు తిరిగినా ఆ ఐదేళ్ల గడువే గోడలా తగిలేది. ఆ గోడ ఉందని కూడా ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే "అంత భయమెందుకు" అంటారు. అనేసి ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోతారు.

థెరపిస్ట్ ముప్పయ్యేళ్ల అమ్మాయి. మోకాళ్ల దగ్గర అరిగిపోయిన ప్యాంటు, జుట్టులో ఎప్పుడూ ఏదో ఒక స్టిక్కరు. పిల్లలతో పాటు నేల మీదే దేకుతుంది కాబట్టి కుర్చీలో కూర్చోగా ఎవరూ చూసి ఉండరు.

"మేడమ్, ముందు ఒకటి చెప్పాలి" అంది ఆమె, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా. "కొత్త లక్షణం మొదలైంది. చేతులు వెనక్కి పెట్టి బిగించేసుకుంటోంది. పని మధ్యలో. పిలిచినా చూడదు. ఇదిగో, చూడండి." వంగి బంతి చెయ్యి పట్టుకోబోయింది.

చేతులు వెనక్కి వెళ్లిపోయాయి.

"చూశారా?"

థెరపిస్ట్ చూసింది. "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా. పెద్దమ్మగారిని కూడా తీసుకెళ్లండి" అంది.

గది తలుపుకి చిన్న అద్దం ఉంది. ఆమె అందులోంచి కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది. థెరపిస్ట్ బంతిని ఉయ్యాల మీద బోర్లా పడుకోబెట్టి ఊపింది. కింద పరిచిన పూసల్ని బంతి రెండు చేతులా ఏరింది. రంగు మట్టి తీసింది థెరపిస్ట్. బంతి ముఖం ముడుచుకుని, ఒక్క వేలితో పొడిచింది. ఇంకోసారి పొడిచింది. థెరపిస్ట్ చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చింది. చేతులు వెనక్కి వెళ్లలేదు.

తలుపు తెరుచుకుంది. "పెద్దమ్మగారూ, మీరు రండి."

అత్తగారు "నాకు ఈ ఆటలు రావు తల్లీ" అంటూనే లోపలికి వెళ్లి, ఆయాసపడుతూ నేల మీద చతికిలబడింది. బంతి వచ్చి ఆవిడ ఒళ్లో ఎక్కి, మట్టి వేలు ఆవిడ బుగ్గకి రాసింది. "ఓసి నీ దుంపతెగ!" అంటూ ఆవిడ ఆ చేతిని అందుకుని అరచేతిలో ముద్దు పెట్టుకుంది. చేతులు వెనక్కి వెళ్లలేదు.

"ఇప్పుడు మీరు రండమ్మా" అంది థెరపిస్ట్.

ఆమె గుమ్మంలో అడుగు పెట్టింది. అంతే. ఇంకా మాట్లాడలేదు, చెయ్యి చాపలేదు. నానమ్మ ఒళ్లో ఉన్న బంతి, రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని ఒకదాన్నొకటి పట్టుకుంది.

థెరపిస్ట్ ఉయ్యాల గొలుసు పట్టుకుని ఆపింది.

"ఇది లక్షణం కాదమ్మా" అంది థెరపిస్ట్, మెత్తగా. "తను మీ దగ్గర చేతులు దాచుకుంటోంది. మీరొస్తే చేతులు పట్టుకుంటారు, పట్టుకుంటే ఏదో ఒకటి చేయిస్తారు. అది కనిపెట్టేసింది."

ఆమె తలుపు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఇంకో సంగతి. ఎవరొస్తున్నారో చూసి, ఏం జరగబోతోందో ముందే ఊహించి, రెండు చేతులూ చూడకుండా వెనక కలిపి పట్టుకోవడం... పోయిన ఏడాది ఇది చెయ్యగలిగేది కాదు. నిజానికి నాకు సంతోషంగా ఉంది" అంటూ నవ్వబోయిన థెరపిస్ట్, ఎదురుగా ఉన్న ముఖం చూసి నవ్వు ఆపేసుకుంది. "ఇంట్లో ఎంతసేపు చేయిస్తున్నారు?"

"మీరు చెప్పినవే."

"నేను చెప్పింది అరగంట."

"లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా" అంది అత్తగారు. దెప్పిపొడుపుగా కాదు. ఎందుకో ఆవిడ గొంతు కూడా తగ్గింది.

*

దారిలో అత్తగారు గుండీ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది ఆమెకి. నాలుగు మాటలు అంటే నాలుగు మాటలు తిరిగి అప్పజెప్పొచ్చు. ఏమీ అనకుండా, బంతిని చంకనేసుకుని, నీడ ఉన్న వైపు ఈమెని నడవనిచ్చి తను ఎండలో నడిచింది ఆవిడ.

సాయంత్రం భర్త వచ్చి ముఖం కడుక్కుంటూ అడిగాడు. "ఏమంది ఆ థెరపిస్ట్?"

ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. తలెత్తకుండా సర్దుతూనే ఉంది. అత్తగారే చెప్పింది, ఉన్నదున్నట్టుగా.

అతను తువ్వాలు భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "నేను ఎప్పట్నుంచో అంటూనే ఉన్నా కదా, కాస్త తగ్గించు అని."

గిన్నె చప్పుడు ఆగింది.

"అన్నావు" అంది ఆమె. "అంటూనే ఉన్నావు. పొద్దున్నే దాన్ని భుజాల మీద ఊరేగించి, 'కాస్త తగ్గించు' అనేసి లిఫ్టులు బాగుచెయ్యడానికి వెళ్లిపోయావు. తగ్గించిన దాన్ని ఎవరు చేస్తారు? నువ్వు చేస్తావా?"

"అది కాదు నేనన్నది..."

"ఏది కాదు? ఈ ఇంట్లో అందరూ దానికి కావలసినవాళ్లే. మామయ్యవి బిస్కెట్లు. అత్తయ్యవి ముద్దులూ ముచ్చట్లూ. నీవి భుజాలు. మంచివన్నీ మీరు ముందే పంచేసుకున్నారు. నాకు మిగిలినవి గుండీలు!" చేతిలోని గిన్నెని ఆమె గట్టు మీద పెట్టేసింది. "నేను రాగానే చేతులు దాచుకుంటోంది. దొంగ వస్తే నగలు దాచుకున్నట్టు దాచుకుంటోంది. కన్నతల్లిని! నేనేమో దానికి జబ్బు ముదిరిందని రాత్రంతా ఫోన్లో..."

మామగారు టీవీ కట్టేసి లేచి నిలబడ్డారు. ఆ మనిషికి గొడవలో ఏం చెయ్యాలో తెలీదు. మళ్లీ కూర్చున్నారు.

"నిన్నెవరూ తప్పుపట్టట్లేదు కదా" అన్నాడు భర్త. "ఇరుక్కున్న లిఫ్టు తలుపు బలంగా లాగితే ఇంకా బిగుసుకుంటుంది. నేను చెప్పేది అదే."

"లోపల ఇరుక్కుంది ఎవరో ఎప్పుడన్నా చూశావా? బంతి అనుకుంటున్నావు నువ్వు. నేను ఉన్నాను లోపల! రేపు ఐదేళ్లు నిండాక ఈ పిల్ల చెంచా పట్టుకోలేదనుకో, అప్పుడు ఎవర్నంటారు? తండ్రి భుజాలెక్కించుకోలేదు అంటారా? తల్లి సరిగా చూసుకోలేదు అంటారు. అనలేదా ఇప్పటికే? కడుపుతో ఉన్నప్పుడు కుర్చీలోంచి లేవకుండా ప్లాన్లు గీస్తూ కూర్చున్నాను కాబట్టే పిల్ల ఇలా పుట్టిందని ఈ ఇంట్లోనే అనలేదా?"

అన్నది ఎవరో నలుగురికీ తెలుసు.

అత్తగారు వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. "నేనే అన్నాను" అంది. "డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు అన్నాను. కడుపు మండి అన్నాను. అనేసి మర్చిపోయాను. నువ్వు ఆ మాట మోసుకుంటూ తిరుగుతున్నావని నాకేం తెలుసు?" ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నువ్వు కూర్చోబట్టి ఏమీ కాలేదమ్మాయ్. నేను వీడు కడుపులో ఉన్నప్పుడు బస్తాలు మోశాను. వీడేమన్నా పహిల్వాను అయ్యాడా?"

ఇంకెప్పుడన్నా అయితే నవ్వొచ్చేది. ఆమె నవ్వలేదు, ఏడ్చింది. గిన్నెలున్న గట్టు మీదకి వంగి, భుజాలు అదిరేలా ఏడ్చింది. అత్తగారు వెనక నుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. వేసి తీయలేదు. భర్త తువ్వాలు తీసి అందించాడు. అది తడి తువ్వాలని ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది.

కాసేపటికి ముఖం కడుక్కుని ఆమె పక్కగదిలోకి వెళ్లింది.

బంతి చాప మీద కూర్చుని ఖాళీ డబ్బా మూత దొర్లిస్తోంది. అలికిడి వినగానే మూత వదిలేసింది. చేతులు వెనక్కి వెళ్లాయి.

ఆమె దగ్గరకి వెళ్లలేదు. గుమ్మం దగ్గరే, గోడకి ఆనకుండా నేల మీద కూర్చుంది. అలవాటుగా ముందుకి రాబోయిన తన చేతుల్ని చూసుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒళ్లో పెట్టుకుంటే అవి ఊరుకునేలా లేవు. మూత ఏ వేళ్లతో పట్టుకోవాలో చూపించెయ్యాలని అప్పటికే లాగుతున్నాయి. చివరికి ఆ రెండు చేతుల్నీ తనూ వెనక్కి పెట్టేసుకుంది.

తల్లీకూతుళ్లిద్దరూ చేతులు దాచుకుని ఎదురెదురుగా కూర్చున్నారు.

బంతి చాలాసేపు చూసింది. ఇది ఎప్పుడూ లేనిది. అమ్మ వచ్చింది, చెయ్యి రాలేదు. బంతి తల ఒక పక్కకి వాల్చింది. ఇంకో పక్కకి వాల్చింది. లేచింది. మునివేళ్ల మీద తడబడుతూ వచ్చి, ఆమెని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి, వీపు వెనక ఏముందోనని తొంగిచూసింది.

అక్కడ ఏమీ లేదు. ఒక ఖాళీ చేతిని పట్టుకున్న ఇంకో ఖాళీ చెయ్యి.

మెడ మీద వెచ్చగా పిల్ల ఊపిరి తగిలింది. తిరిగి వాటేసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. తిరగలేదు. కదిలితే బెదిరిపోతుందేమోనని ఊపిరి కూడా సన్నగా తీసింది. కళ్లనీళ్లు చెంపల మీదుగా గడ్డం దాకా జారుతుంటే తుడుచుకోవడానికి చేతుల్లేవు. బంతి కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత తన మానాన తను వెళ్లి చాప మీద కూర్చుంది. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోవడం మర్చిపోయింది.

గుమ్మం బయట ఎవరో ముక్కు ఎగబీల్చారు. మామగారు అయి ఉంటారు.

*

మర్నాడు పొద్దున అందరూ బల్ల చుట్టూ చేరాక, పాల గిన్నె దించి వచ్చి ఆమె కూడా కూర్చుంది. మామూలుగా ఆ వేళకి ఆమె కూర్చోదు. అందుకే ముగ్గురూ తలెత్తి చూశారు. బంతి బల్ల కింద దూరి తాత చెప్పులతో ఆడుకుంటోంది.

"ఒక మాట చెప్పాలి" అంది. నిద్రలేని ముఖమే, కానీ గొంతు తేటగా ఉంది. "ఇవాళ్టి నుంచి నేను బంతికి ఏదీ నేర్పను."

భర్త రొట్టె ముక్క పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. "మానేద్దామంటావా?"

"మానడం కాదు. రోజుకి అరగంట. థెరపిస్ట్ చెప్పినట్టే. అది మీరు ముగ్గురూ చెయ్యండి. గుండీలు నువ్వు. ఎగరేసి ఆడించే ముందు దాని చొక్కా దానిచేత వేయించాలి, ఆలస్యమైతే అవనీ. చెంచా, స్పాంజి అత్తయ్య. క్లిప్పులూ మట్టీ మామయ్య. ఎలా పట్టించాలో నేను చూపిస్తాను. దాని ముందు కాదు, పక్కగదిలో. ఆ అరగంట దాటాక అది గోడ చూస్తూ కూర్చున్నా సరే, కూర్చోనివ్వండి. అందని ఎత్తులో ఉన్న నీళ్ల గ్లాసు కూడా కిందకి దించేస్తాను."

"నాకు మట్టి సంగతేం తెలుసమ్మా" అన్నారు మామగారు బెంగగా.

"నేర్చుకుంటారు మామయ్యా."

"వీళ్లు ఒక్కపూట చేసి రెండో పూట ఎగ్గొడితే?" అంది అత్తగారు, మగవాళ్లిద్దర్నీ అనుమానంగా చూస్తూ.

"ఎగ్గొడితే ఎగ్గొట్టినట్టే అత్తయ్యా. ఆ పూట పోతుంది. నాకు భయంగానే ఉంది. రాత్రంతా భయపడ్డాను. ఐదేళ్లు దగ్గరపడుతున్నాయని గుర్తొచ్చిన ప్రతిసారీ లేచి దాని చేతులు పట్టుకోబుద్ధేస్తుంది. అయినా పట్టుకోను. అది వచ్చి పట్టుకునేదాకా పట్టుకోను. ఎన్నాళ్లని అడగకండి, నాకూ తెలీదు."

భర్త రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. "సరే" అన్నాడు. "మరి నువ్వు ఏం చేస్తావు?"

"నేను దాని దగ్గర ఊరికే కూర్చుంటాను."

బల్ల కింద చెప్పుల చప్పుడు టపటపమని వినిపిస్తోంది.

"ఊరికే కూర్చుంటాను" అంది ఆమె ఇంకోసారి, ఈసారి తనకి తనే చెప్పుకుంటున్నట్టుగా.